ఇంజిన్ మార్చిన పాత జీపుకు ఆర్సీ ఇవ్వాలా, వద్దా?

పలమనేరు జీపు:
మా నాన్న కొన్న ఏపీ 03 జీపు. ఛాసిస్ (కింది ఫ్రేమ్) అసలుదే. బొలెరో ఇంజిన్, డిస్క్ బ్రేకులు, పవర్ స్టీరింగ్ వేయించాను. ఆర్సీ రెన్యువల్‌కు ఆర్టీఓ ఆఫీసుకు తీసుకెళ్తే ఇంజిన్ నంబరు ఆర్సీతో కలవడం లేదని తిప్పి పంపారు. అప్పటికన్నా ఇప్పుడే బ్రేకు బాగా పడుతోంది. బాగు చేయించుకున్నందుకు శిక్షా ఇది?

తిరుచానూరు గ్యారేజి:
చట్టం సూటిగానే ఉంది తమ్ముడూ. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన రూపానికి భిన్నంగా బండి మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. ఇంజిన్ మార్చాలంటే ముందే అనుమతి తీసుకోవాలి, మార్చాక 14 రోజుల్లో తెలియజేయాలి. లేదంటే ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ.

చిత్తూరు బుల్లెట్:
వింటేజ్ (పాతకాలపు బండి) కింద రిజిస్టర్ చేయించెయ్ బ్రో, టెన్షన్ ఉండదు.

పలమనేరు జీపు:
దానికి 50 ఏళ్లు దాటాలి, పెద్ద మార్పులేవీ ఉండకూడదు. 2021 రూల్స్ చదివాను. రోజూ తిప్పడానికీ వీల్లేదట. నా జీపులో మామిడికాయలు మండీకి వెళ్లాలి, ఎగ్జిబిషన్‌కు కాదు! మార్చిన బండిని పరీక్షించి, పాసైతే ఆర్సీ ఇచ్చే దారి ఒకటి పెడితే ఏం పోతుంది?

తిరుచానూరు గ్యారేజి:
ఆ దారి ఉండాలనే నేనూ అంటాను. కానీ బ్రేకు ఒక్కటి చూస్తే చాలదు. మొన్న ఇలాంటి జీపే లిఫ్ట్ మీదికి ఎక్కించాను. పైకి అద్దంలా మెరుస్తోంది. ఇంజిన్ మౌంటింగ్ దగ్గర పెయింట్ గీకితే వెల్డింగ్ అంచునే వెంట్రుకంత పగులు. బరువైన ఇంజిన్ అదిరినప్పుడల్లా ఆ పాత ఫ్రేమే మోయాలి కదా. అది తిరుమల ఘాట్ దిగేటప్పుడు ఊడితే వెనకొచ్చే వాళ్ల గతేంటి? ఫ్రేమ్, గేర్‌బాక్స్, చక్రాలకు శక్తి చేర్చే ప్రొపెల్లర్ షాఫ్ట్ అన్నీ విప్పి చూసే వాడుండాలి. పది నిమిషాల ఫిట్‌నెస్ తంతుతో తేలదు.

చిత్తూరు బుల్లెట్:
అంత విప్పి చూడ్డానికి ఆఫీసుల్లో ఎవరికి తీరిక అన్నా?

తిరుచానూరు గ్యారేజి:
ఫీజు పెంచి బయట ఇంజనీరు చేత చూపించనీ. ముందు ఒకటి చెప్పు తమ్ముడూ, ఆ బొలెరో ఇంజిన్ ఎక్కడిది? దొంగ బండిదైతే అసలు కేసు అక్కడే పడుతుంది.

పలమనేరు జీపు:
స్క్రాప్ షాపులో కొన్నానన్నా. బిల్లుంది. ఆ ఇంజిన్ తీసిన బండి ఆర్సీ రద్దు కాగితం మాత్రం ఇవ్వలేదు.

తిరుచానూరు గ్యారేజి:
ముందు వెళ్లి అది పట్టుకురా. ఇన్సూరెన్స్ వాళ్లకు ఇంజిన్ సంగతి చెప్పావో లేదో కూడా చూసుకో.