ఇంటి నుంచి మెడికల్ కోడింగ్, ఇద్దరు చిన్నపిల్లలు: టార్గెట్ ఎలా అందుకుంటున్నారు?

కొర్లగుంట అమ్మ:
అందరికీ నమస్కారం. మాది తిరుపతి. చెన్నై కంపెనీకి ఇంటి నుంచే మెడికల్ కోడింగ్ చేస్తున్నాను, అంటే పేషెంట్ రికార్డులు చదివి జబ్బులకి, చికిత్సలకి కోడ్‌లు ఇవ్వడం. నావి ఐపీ చార్టులు, ఆసుపత్రిలో చేరిన పేషెంట్లవి. బాబుకి ఆరేళ్లు, పాపకి రెండున్నర. బడి ఉన్నన్నాళ్లూ ఎలాగో నెట్టుకొచ్చాను, వేసవి సెలవులు ఇచ్చినప్పటి నుంచి నా వల్ల కావడం లేదు. ఐపీ చార్టంటే తెలుసు కదా, అడ్మిషన్ నోట్ నుంచి డిశ్చార్జ్ సమ్మరీ దాకా పేజీలకి పేజీలు చదవాలి, డాక్టరు ఒకచోట న్యుమోనియా అనుమానం అని రాసి నాలుగు పేజీల తర్వాత కాదని తేల్చేసి ఉంటాడు, ఆ ముక్క చూడకపోతే కోడ్ తప్పే. సరిగ్గా అక్కడికి వచ్చేసరికి "అమ్మా, పాప క్రేయాన్ నోట్లో పెట్టుకుంది" అని బాబు అరుస్తాడు. లేచి వెళ్లి వస్తే మళ్లీ మొదటి నుంచి చదవాల్సిందే. క్వాలిటీ 95 శాతం కంటే తగ్గకూడదు, టార్గెట్ తగ్గితే మెయిల్ వచ్చేస్తుంది. మా ఆయన పొద్దున 9కి షాపుకి వెళ్తే రాత్రి 9కే ఇల్లు చేరేది. అత్తమ్మ పుత్తూరులో మామయ్యని చూసుకుంటున్నారు, రమ్మని అడగలేను. దయచేసి ఉద్యోగం మానేయమని మాత్రం చెప్పకండి, ఈ పని నాకు ఇష్టం, పాప కడుపులో ఉండగా చదివి సర్టిఫికేషన్ తెచ్చుకున్నాను.

చిత్తూరు కోడర్:
అక్కా, నేనూ ఐపీనే. ముందు మీ టీమ్ లీడ్‌ని ఫ్లెక్సీ లాగిన్ అడగండి. మా టీమ్‌లో మీటింగ్ టైముకి ఉంటే చాలు, మిగతా గంటలు ఎప్పుడు కూర్చున్నా ప్రొడక్షనే, అంటే ఎన్ని చార్టులు అయ్యాయనే చూస్తారు. నేను తెల్లవారుజామున 4:30కి కూర్చుంటాను, పిల్లలు లేచేలోపు పెద్ద చార్టులు అయిపోతాయి, పగలు వాళ్ల మధ్య కూర్చున్నప్పుడు చిన్నవి, ఆడిట్ వాళ్లకి జవాబులు, మెయిళ్లు. కొన్నాళ్లు రేడియాలజీ, అంటే ఎక్స్‌రే, స్కానింగ్ రిపోర్టులు ఇవ్వమని కూడా అడగొచ్చు, రిపోర్టు చిన్నది కాబట్టి మధ్యలో లేచినా పోయేదేమీ లేదు. ఇంకోటి, లేచే ముందు ఎక్కడిదాకా చదివారో, ఏది తేల్చాలో టూల్‌లోనే నోట్స్ బాక్సులో ఒక లైను రాసుకోండి, కాగితం మీద రాయడానికి చాలాచోట్ల ఒప్పుకోరు. విండోస్ కీ, ఎల్ కలిపి నొక్కి స్క్రీన్ లాక్ చేసే లేవండి. పేషెంట్ వివరాలు బయటపడితే హిపా (పేషెంట్ల వివరాలు గోప్యంగా ఉంచాలనే అమెరికా చట్టం) కింద పెద్ద సమస్య, పైగా పాప కీబోర్డు మీద చెయ్యి వేసినా ఏమీ కాదు.

బైపాస్ రోడ్ నాన్న:
మేడమ్, మీ పోస్టులో నాకు బాధ అనిపించింది ఒక్కటే, మీవారి పేరు మీద ఒక్క గంట కూడా లేదు. షాపు 9కి తెరుస్తారు సరే, 6 నుంచి 8:30 దాకా పిల్లలు ఆయన బాధ్యత కావాలి, సాయం చేసినట్టు కాదు, పూర్తిగా ఆయనదే. నేను సాఫ్ట్‌వేర్, మా ఆవిడది బ్యాంకు. పొద్దున పిల్లలిద్దర్నీ నేనే యూనివర్సిటీ గ్రౌండుకి తీసుకెళ్తాను. ఈ ఎండల్లో 9 దాటితే బయట కాలు పెట్టలేం, అందుకే తెల్లారగానే బాగా పరిగెత్తించి తెస్తే ఇంటికొచ్చి టిఫిన్ తిని, మధ్యాహ్నం అన్నం తినగానే పడుకుంటారు. ఆ నిద్ర టైములో వంటింటి పని ముట్టుకోకండి. గిన్నెలు సాయంత్రం తోముకోవచ్చు. ఇక లోపల ఆడుకోవడానికి మా అమ్మ పళ్లెంలో చింతగింజలు, బొరుగులు పోసి ఏరమంటుంది, అరగంట కదలరు.

అంగన్వాడీ టీచర్:
అన్నా, ఆరేళ్ల బాబుకైతే సరే, రెండున్నరేళ్ల పాప దగ్గర చింతగింజలు, చెనిక్కాయలు వద్దే వద్దు. గొంతులో అడ్డం పడితే ఊపిరాడదు, అమ్మ పక్క గదిలో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఉంటే వినపడదు కూడా. గోరుముద్ద కంటే పెద్దవి ఇవ్వండి, స్టీలు గ్లాసులు, మూతలు, బట్టల క్లిప్పులు ఉంటాయి కదా పెద్ద ప్లాస్టిక్‌వి, డబ్బా అంచుకి పెట్టి తీయమంటే బాగా ఆడుకుంటారు. ఫోను గురించి చెల్లెమ్మ అడగలేదు గానీ చెప్తాను. రెండేళ్ల నుంచి నాలుగేళ్ల పిల్లలకి రోజుకి గంట మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది, తక్కువైతే ఇంకా మంచిదంది. ఆ గంటని పొద్దున్నే ఖర్చు పెట్టేయకండి, మీటింగ్ ఉన్నప్పుడు వాడుకోండి. పాపకి మూడేళ్లు నిండగానే మీ వీధి అంగన్వాడీలో చేర్చండి, ప్రీస్కూలు ఉంటుంది, మధ్యాహ్నం భోజనం పెడతాం.

రేణిగుంట రోడ్:
50 మంది, అంతకంటే ఎక్కువ ఉద్యోగులున్న సంస్థ క్రెష్ (ఉద్యోగుల చిన్నపిల్లల్ని చూసుకునే చోటు) ఏర్పాటు చేయాలని 2017 ప్రసూతి చట్ట సవరణలో వచ్చింది. ఆఫీసు చెన్నైలో, మీరు తిరుపతిలో కాబట్టి నేరుగా పనికి రాకపోవచ్చు, కానీ దాని బదులు డేకేర్ డబ్బులు ఇచ్చే కంపెనీలు ఉన్నాయి. హెచ్ఆర్‌కి ఒక మెయిల్ పెట్టి అడగండి, పోయేదేముంది.

కొర్లగుంట అమ్మ:
అందరికీ చాలా థ్యాంక్స్. బైపాస్ రోడ్ అన్నగారి పోస్టు రాత్రి మా ఆయనకి చదివి వినిపించాను, కాసేపు మాట్లాడలేదు, తర్వాత పొద్దున పూట తను చూసుకుంటానన్నారు. సోమవారం టీమ్ లీడ్‌ని ఫ్లెక్సీ అడుగుతాను, రేడియాలజీ కూడా. చిత్తూరు చెల్లీ, తెల్లవారుజామున కరెంటు పోతే నెట్ ఎలా మరి? మా ఇన్వర్టరు హాల్లో ఫ్యాన్‌కే ఇచ్చి ఉంది.

చిత్తూరు కోడర్:
రౌటర్‌కి చిన్న యూపీఎస్‌లు దొరుకుతాయి అక్కా. చాలా రౌటర్లు 12 వోల్టులవే, అయినా కొనే ముందు మీ అడాప్టర్ మీద రాసున్న వోల్టులు, ఆంప్స్ ఒకసారి చూసుకోండి. ఫైబర్ అయితే గోడకి ఇంకో పెట్టె విడిగా ఉందేమో కూడా చూడండి, దానికీ కరెంటు కావాలి. ల్యాప్‌టాప్ మాత్రం రాత్రే ఫుల్ ఛార్జ్ పెట్టి పడుకోండి.