గడ్డకట్టే చలి రాబోతోంది, కరెంటు పోవచ్చు: పైపులు, జనరేటర్ సంగతి ఏం చేయాలి?

ప్రశ్న:
వచ్చే వారం నాలుగైదు రోజులు మైనస్ 15 డిగ్రీల దాకా పడిపోతుందట. పాత ఇల్లు, కిచెన్ సింక్ బయటి గోడకే ఉంది. ఇల్లు వేడిచేసే గ్యాస్ ఫర్నేస్, చిన్న పెట్రోలు జనరేటర్ ఉన్నాయి. ఇంట్లో పసిబిడ్డ ఉంది. ముందు ఏ పని మొదలుపెట్టాలండీ?

జవాబు 1:
నీళ్ల మెయిన్ వాల్వ్ ఎక్కడుందో చూసి ఇవాళే ఒకసారి తిప్పండి. ఏళ్ల తరబడి ముట్టుకోని వాల్వ్ బిగుసుకుపోతుంది. పైపు పగిలిన రాత్రి అది తిరక్కపోతే ఇల్లంతా నీళ్లే.

నీరు గడ్డకడితే సుమారు 9 శాతం ఉబ్బుతుంది. కానీ పైపు చాలాసార్లు పగిలేది మంచు ఉన్నచోట కాదు. పెరిగే మంచు ముందున్న నీటిని మూసిన కుళాయి వైపు నెడుతుంది. ఆ నీటికి ఎటూ దారి లేక ఒత్తిడి పెరిగి పైపు చీలుతుంది. కుళాయి కొంచెం వదిలి ఉంచమనేది అందుకే. వేడినీళ్లు, చన్నీళ్లు రెండూ సన్నగా కారాలి. వేడి లైను గడ్డకట్టదని చాలామంది దాన్ని మూసే ఉంచుతారు, అది పొరపాటు.

సింక్ కింద తలుపులు తెరిచి ఉంచండి. లోపలున్న క్లీనర్లు బిడ్డకి అందకుండా పైన పెట్టేయండి. పైపు గోడలోకి దూరే కన్నం దగ్గర తడి వేలు పెట్టి చూడండి, చల్లగాలి తగిలితే ఫోమ్‌తో మూసేయండి. పైపుకి చలి తగలకుండా ఫోమ్ స్లీవ్ (తొడుగు) వేసేటప్పుడు మూలమలుపులు వదిలేస్తుంటారు, ముందు గడ్డకట్టేది అక్కడే కావచ్చు. బయటి కుళాయికి హోస్ తగిలించి ఉంటే తీసేయండి, లేకపోతే నీరు లోపలే నిలిచిపోతుంది.

జవాబు 2:
జనరేటర్ గురించి కచ్చితంగా చెప్పాలి. దాని పొగలో ఉండే విషవాయువు కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. గరాజ్ తలుపు తీసి ఉన్నా సరే, లోపల నడపకండి. ఇంటికి కనీసం 6 మీటర్ల దూరంలో, పొగ కిటికీల వైపు రాకుండా పెట్టండి. గోడ సాకెట్‌కి గుచ్చి ఇంటికి కరెంటు ఎక్కించకండి, అది లైన్‌లోకి పోయి మరమ్మతు చేసేవాళ్లని చంపేస్తుంది. ఇంజను చల్లారాకే పెట్రోలు పోయండి.

కరెంటు లేకపోతే మీ గ్యాస్ ఫర్నేస్ కూడా నడవదు, దాని ఫ్యాన్‌కి కరెంటే కావాలి. బయటి గోడకి ఉన్న దాని పొగ పైపుని మంచు మూసేసినా ప్రమాదమే, మంచు పడ్డాక వెళ్లి చూస్తుండండి. బ్యాటరీతో నడిచే సీఓ (కార్బన్ మోనాక్సైడ్) అలారం పడకగదుల దగ్గర తప్పనిసరి. బొగ్గుల కుంపటి ఇంట్లో వద్దు.

జవాబు 3:
మనిషికి రోజుకి 4 లీటర్ల లెక్కన కనీసం మూడు రోజుల నీళ్లు పట్టి ఉంచండి. అందరూ ఒకే గదిలో ఉండి, తలుపు కింద తువ్వాలు కుక్కండి. బిడ్డకి వదులు దుప్పట్లు కప్పకండి, ముఖం మీదికి జారతాయి. పొరలుగా బట్టలు వేయండి.

ప్రశ్న అడిగినవారు:
ఇంతచేసినా కుళాయిలో నీళ్లు ఆగిపోతే?

జవాబు 1:
కుళాయి తెరిచే ఉంచి, కుళాయి చివర నుంచి వెనక్కి హెయిర్ డ్రయర్‌తో వేడి చేస్తూ వెళ్లండి. మధ్యలో మొదలుపెడితే కరిగిన నీటికి దారి ఉండదు. మంట, బ్లోటార్చ్ వద్దు. అప్పటికే ఎక్కడైనా చీలి ఉంటే మంచు కరగ్గానే కారడం మొదలవుతుంది, అందుకని ఒకరు మెయిన్ వాల్వ్ దగ్గరే ఉండండి.