చెక్కిన బొమ్మా, అద్దిన బొమ్మా?

ప్రశ్న: మా పత్రికలో ఒక జపాన్ ఉడ్‌బ్లాక్ ప్రింట్ వేస్తున్నాం. 1881లో త్సుకియోకా యోషితోషి చేసిన గొజో వంతెన బొమ్మ. కింద "యోషితోషి చెక్కిన బొమ్మ" అని రాయొచ్చా? "చెక్క అద్దకం" అంటే ఎలా ఉంటుంది?

జవాబు: రెండూ వద్దండి. "చెక్కిన" అంటే అబద్ధమే అవుతుంది, ఎందుకంటే యోషితోషి ఉలి పట్టలేదు. ఆయన పని పల్చటి కాగితం మీద గీసివ్వడం వరకే. చెక్కేవాడు ఆ కాగితాన్ని చెర్రీ చెక్క మీద బోర్లా అంటించి, గీతలు వదిలి మిగతాదంతా తొలిచేస్తాడు. ఆయన గీసిన అసలు కాగితం అక్కడితో పోయినట్టే! ఆపైన ఒక్కో రంగుకీ ఒక్కో చెక్క. అచ్చు వేసేవాడు వేరే మనిషి, వీళ్లందరినీ పెట్టి పని చేయించే ప్రచురణకర్త ఇంకొకడు.

మరో సభ్యుడు: అద్దకం ఎందుకు కాదండీ? మా పెడనలో కలంకారీ బట్టల మీద టేకు అచ్చులతో చేసేది అదేగా?

జవాబు: పెడనలో అచ్చును రంగులో ముంచి బట్ట మీదకి దించుతారు. అది అద్దడమే, అనుమానం లేదు. జపాన్‌లో చెక్క వెల్లకిలా కదలకుండా ఉంటుంది. దానికి రంగు పూసి, తడి కాగితం పరిచి, వెదురు పట్ట చుట్టిన బిళ్లతో వీపున గట్టిగా రుద్దుతారు. దానికి మనకి చక్కటి మాట ఉండనే ఉంది: అచ్చొత్తడం. ఒత్తేది కాగితాన్ని కాబట్టి ఇంకా బాగా అతుకుతుంది. నా ఓటు "చెక్కఅచ్చు బొమ్మ"కి.

ప్రశ్న: మరి బొమ్మలో ఎగురుతున్న కుర్రాడి పేరు? యోషిత్సునే అనాలా, ఉషివాకామారు అనాలా?

జవాబు: ఉషివాకామారు అనే వేయండి, అది చిన్నప్పటి పేరు. తండ్రిని 1160లో చంపేశాక, క్యోటో పక్కన కురమ కొండ మీది గుడిలో పెరిగాడు. వెయ్యి కత్తులు గెలవాలని పంతం పట్టి 999 దగ్గరున్న బెంకేయి అనే యోధ సన్యాసి, గొజో వంతెన మీద ఈ పిల్లాడి చేతిలో ఓడి జీవితాంతం అనుచరుడయ్యాడని కథ. కథే సుమా, చరిత్ర అని రాయకండి. 1185లో దన్‌నోఉర దగ్గర సముద్రం మీద శత్రువులైన తైరా వంశాన్ని తుడిచిపెట్టిన యోషిత్సునే మాత్రం చరిత్రే. కాబట్టి "ఉషివాకామారు (తర్వాతి కాలపు మినమోతో యోషిత్సునే), బెంకేయి. చెక్కఅచ్చు బొమ్మ, 1881. గీసినది: త్సుకియోకా యోషితోషి" అని వేయండి. చెక్కినవాడి పేరు ఇలాంటి చాలా బొమ్మల అంచున చిన్నగా ఉంటుంది. కనిపిస్తే అదీ వేయండి, పాపం.