అప్‌డేట్: సీలియాక్‌తో అత్తారింట్లో సంక్రాంతి

నాకు సీలియాక్ (గోధుమల్లాంటి వాటిలో ఉండే గ్లూటెన్ పడక పేగు దెబ్బతినే జబ్బు) ఉంది, గోధుమ, మైదా, బొంబాయి రవ్వ పడవు, పండక్కి భీమవరం అత్తారింటికెళ్తే ఎలా నెట్టుకురావాలి అని డిసెంబర్‌లో అడిగాను కదా. వెళ్లొచ్చాను.

మీరు చెప్పినట్టే వారం ముందు అత్తయ్యగారికి నేనే ఫోన్ చేశాను. "అరిసెలు బియ్యప్పిండే కదా అల్లుడుగారూ, మీకేం భయం?" అన్నారు. నా భయమంతా పిండిమరతోనే. అందులోనే గోధుమలూ ఆడిస్తారు. ఆ మాట చెప్పాక తడి బియ్యం ఇంట్లోనే మిక్సీ పట్టి, జల్లించి, కొత్త నూనెలో ముందు అరిసెలు వండి, ఆ తర్వాతే మైదా కజ్జికాయలు వేశారట. నా అరిసెలకు వేరే స్టీలు డబ్బా, మూత మీద పసుపు బొట్టు!

దెబ్బ పులిహోర దగ్గర తగిలింది. అన్నమే కదా అని భోగి నాడు రెండుసార్లు పెట్టించుకున్నాను. సాయంత్రానికి కడుపుబ్బరం, రాత్రంతా బాత్రూమ్‌కీ మంచానికీ తిరుగుడే. తెల్లారి ఇంగువ డబ్బా తిప్పి చూస్తే సన్న అక్షరాల్లో గోధుమ పిండి! డైటీషియన్ ఎప్పుడో చెప్పింది, నేనే మర్చిపోయాను.

పెద్ద పండగ రోజు ఇంగువ లేని చారన్నంతో సరిపెట్టుకున్నాను. కనుమకి తేరుకున్నాను. కనుమ నాడు మినుము తినాలంటారు, అంతకంటే నాకేం కావాలి? గారెలు, నాటుకోడి పులుసు. మామయ్యగారు మాత్రం మూడు రోజులూ "ఒక్క కాజాకి ఏమవుతుందయ్యా" అంటూనే ఉన్నారు. ప్రతిసారీ అత్తయ్యగారే అడ్డుపడ్డారు.

బొట్టు డబ్బా నాతోనే వచ్చింది. ఇంకా నాలుగు అరిసెలున్నాయి.