గ్నోమ్ నుంచి ప్లాస్మా 6కి మారాను: ప్యానెల్ బాగుంది, తెలుగు టైపింగ్ ఆగిపోయింది

గోదారిగట్టు:
నమస్కారమండీ. నేను హైస్కూల్లో తెలుగు చెబుతాను. ప్రశ్నపత్రాలు, నోట్సు అన్నీ లిబ్రే ఆఫీస్‌లోనే టైప్ చేస్తాను. నాలుగేళ్లు ఫెడోరా అనే లినక్స్‌లో గ్నోమ్ డెస్క్‌టాప్ వాడాను. శుభ్రంగా ఉంటుంది, దాని మీద నాకు కోపమేమీ లేదు. కాకపోతే నాకు కింద టాస్క్‌బార్ ఉండాలి, తెరిచిన ఫైళ్ల పేర్లు కళ్లకు కనబడుతూ ఉండాలి. అందుకోసం నాలుగు ఎక్స్‌టెన్షన్లు పెట్టుకున్నాను. ఆరు నెలలకోసారి కొత్త వెర్షన్ వచ్చినప్పుడల్లా వాటిలో ఒకటో రెండో పనిచేయడం మానేసేవి. పోయినసారి సరిగ్గా పరీక్షల ముందు ఇదే జరిగింది, చాలా టెన్షన్ పడ్డాను. అందుకే ఈ సెలవుల్లో ఫెడోరా 42 కేడీఈ ఎడిషన్ వేసుకున్నాను, అందులో వచ్చే డెస్క్‌టాప్ పేరే ప్లాస్మా 6.

ప్యానెల్ (టాస్క్‌బార్ ఉండే పట్టీ) సంగతిలో ప్రాణం లేచొచ్చింది. దాని మీద రైట్ క్లిక్ చేసి ఎడిట్ మోడ్‌లోకి వెళ్తే ఎత్తు, వెడల్పు, ఏ అంచున ఉండాలి, అన్నీ అక్కడే ఉన్నాయి. మధ్యాహ్నం కూర్చుంటే టీ టైముకల్లా అయిపోయింది.

రెండు చోట్ల మాత్రం ఆగిపోయాను. నేను ఆర్‌టీఎస్ పద్ధతిలో, అంటే ఇంగ్లిష్ మీటలతో తెలుగు పడేలా, టైప్ చేస్తాను. మీటలను తెలుగు అక్షరాలుగా మార్చే ఐబస్ ప్రోగ్రాం నడుస్తున్నట్టే కనిపిస్తోంది గానీ ఏం కొట్టినా ఇంగ్లిష్ అక్షరాలే పడుతున్నాయి. రెండోది, టాస్క్‌బార్‌లో "స్త్రీ పర్వం నోట్సు" అనే ఫైలు పేరు చూస్తే స్త్రీ కింద ఒత్తులు సగానికి తెగిపోయి ఉన్నాయి. ఎవరికైనా ఇలా అయిందా?

ఓరుగల్లు టక్స్:
మాస్టారూ, మొదటిది నాకూ అయింది, రెండు రోజులు పట్టింది తెలుసుకోడానికి. గ్నోమ్‌లో ఐబస్ డెస్క్‌టాప్‌లోనే కలిసిపోయి ఉంటుంది, మనం ఏమీ చేయనక్కర్లేదు. ప్లాస్మాలో అలా కాదు. విండోలను తెర మీద చూపించే వేలాండ్ అనే వ్యవస్థ మీద నడిచేటప్పుడు, ఏ ఇన్‌పుట్ పద్ధతి వాడాలో విండోలను నడిపే క్విన్‌కి మనమే చెప్పాలి. సిస్టమ్ సెట్టింగ్స్‌లో కీబోర్డ్, అందులో వర్చువల్ కీబోర్డ్ అనే పేజీకి వెళ్లండి. పేరు చూసి అది టచ్ స్క్రీన్ వాళ్లకేమో అనుకుని నేను అటు తొంగి కూడా చూడలేదు. అసలు తాళం అక్కడే ఉంది.

నేనైతే ఐబస్ వదిలేసి అలాంటిదే ఇంకొకటి, ఎఫ్‌సీఐటీఎక్స్ 5కి మారాను. దానితో పాటు ఎమ్17ఎన్ ప్యాకేజీ కూడా వేసుకోవాలి, ఆర్‌టీఎస్ అందులోనే ఉంటుంది. వర్చువల్ కీబోర్డ్ పేజీలో ఎఫ్‌సీఐటీఎక్స్ 5 ఎంచుకుని, ఒకసారి లాగౌట్ అయి మళ్లీ లాగిన్ అవ్వండి. పాత రోజుల్లో జీటీకే, క్యూటీల (యాప్‌లు తయారుచేసే టూల్‌కిట్ల) కోసం ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ ఏవైనా రాసిపెట్టుకుని ఉంటే ముందు వాటిని తీసేయండి, ఇక్కడ అవి అడ్డం పడతాయి.

నల్లమల:
ఒక చిన్న మాట. ఇన్‌స్క్రిప్ట్ అనే కీబోర్డ్ లేఅవుట్‌లో టైప్ చేసేవాళ్లకి ఇదంతా అవసరం లేదండీ. కీబోర్డ్ సెట్టింగ్స్‌లో లేఅవుట్స్ దగ్గర తెలుగు కలుపుకుంటే చాలు. ఒక మీటకి ఒక అక్షరమే కాబట్టి మధ్యలో వేరే ప్రోగ్రాం అక్కర్లేదు. నేను పదేళ్లుగా ఇలాగే రాస్తున్నాను. డెస్క్‌టాప్ ఎన్నిసార్లు మార్చినా నా టైపింగ్ ఒక్కరోజు కూడా ఆగలేదు. ఆర్‌టీఎస్‌లో రెండు మూడు మీటలు కలిసి ఒక అక్షరం అవుతాయి కాబట్టి దానికి ఇన్‌పుట్ పద్ధతి తప్పదు. మాస్టారు వీలున్నప్పుడు ఇన్‌స్క్రిప్ట్ ఒకసారి ప్రయత్నించాలని నా కోరిక. మూడు వారాలు చేతులకి కష్టంగా ఉంటుంది, ఆ తర్వాత వేళ్లు వాటంతటవే వెళ్తాయి.

గోదారిగట్టు:
ఓరుగల్లు తమ్ముడూ, చాలా థాంక్స్. లాగిన్ అవ్వగానే "అమ్మ" అని కొట్టాను, పడింది. అన్నిచోట్లా వస్తోంది, ఒక్క మెసేజింగ్ యాప్‌లో తప్ప.

ఓరుగల్లు టక్స్:
అది లోపల క్రోమియం బ్రౌజర్ మీద నడిచే యాప్ అయి ఉంటుంది అన్నా. అలాంటివి వేలాండ్‌లో నేరుగా నడుస్తుంటే, వాటిని తెరిచే కమాండ్ చివర వేలాండ్ ఐఎంఈని (అంటే ఇన్‌పుట్ పద్ధతిని) ఎనేబుల్ చేసే ఫ్లాగ్ కలపాలి. మెనూలో యాప్ మీద రైట్ క్లిక్ చేసి ఎడిట్ అప్లికేషన్ అంటే ఆర్గుమెంట్స్ పెట్టె కనిపిస్తుంది, అందులో రాయండి.

అక్షరాల తోట:
ఒత్తుల సంగతి నేను చెప్తాను, పుస్తకాల పేజీలు కట్టడం నా పని. ప్లాస్మాలో మామూలు ఫాంటు నోటో శాన్స్. అందులో తెలుగు అక్షరాలు లేవు. కాబట్టి ఫాంట్లను ఎంచిపెట్టే ఫాంట్‌కాన్ఫిగ్ మన మెషిన్లో ఉన్న తెలుగు ఫాంట్లలోంచి ఒకదాన్ని తెచ్చి అతికిస్తుంది. గుడి దీర్ఘం పైకీ, రెండు ఒత్తులు కిందకీ పోతే "స్త్రీ"కి ఇంగ్లిష్ అక్షరాల కంటే ఎక్కువ చోటు కావాలి. సన్నటి ప్యానెల్లో ఆ చోటు దొరకదు. మీరు ప్యానెల్ ఎత్తు బాగా తగ్గించినట్టున్నారు. 44 దాకా పెంచి చూడండి. అప్పటికీ తెగుతుంటే, హోం ఫోల్డర్లోని కాన్ఫిగ్‌లో ఫాంట్‌కాన్ఫిగ్ ఫైలు ఒకటి పెట్టుకుని, తెలుగుకి ఏ ఫాంటు ముందు రావాలో వరుస రాసుకోవచ్చు. నా మెషిన్లో మెనూలకి నోటో శాన్స్ తెలుగు, చదువుకునే పేజీలకి మండలి. మండలి గుండ్రంగా, కంటికి హాయిగా ఉంటుంది. ఫాంటు పరిమాణం ఒక్క పాయింటు పెంచినా తేడా తెలుస్తుంది. తెలుగు చదివేవాళ్లకి ఇది ముఖ్యం, చిన్న విషయమని వదిలేయొద్దు.

పెన్నాతీరం:
థీముల గురించి ఎవరూ ఎత్తలేదు కాబట్టి చెప్తున్నాను. రంగులు, ఐకాన్లు ఎన్ని మార్చుకున్నా ఫర్వాలేదు. రూపమంతా ఒకేసారి మార్చే గ్లోబల్ థీమ్ అనేదాన్ని మాత్రం చూసి వేసుకోండి, దానితో పాటు స్క్రిప్టులు కూడా వచ్చి నడవగలవు. 2024 మార్చిలో ఒకాయన బయటివాళ్లు చేసిన థీమ్ వేసుకుంటే ఆయన ఫైళ్లన్నీ చెరిగిపోయాయి. కేడీఈ వాళ్లే అందరినీ హెచ్చరించారు. నేను ముందు కాన్ఫిగ్ ఫోల్డర్ని పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేస్తాను, తర్వాత కొత్త యూజర్ ఖాతా తెరిచి అందులో వేసి చూస్తాను. నచ్చితేనే నా ఖాతాలోకి.

తుంగభద్ర:
నేను బెంగళూరులో ఉంటాను, నాన్నగారు కర్నూలులో. ఆయన ల్యాప్‌టాప్‌లో ర్యామ్ 4 జీబీ, పాత హార్డ్ డిస్కు. ప్లాస్మా వేసి చూశాను. నడిచింది గానీ ఫైళ్లను వెతికి పెట్టుకునే బలూ ఆపేస్తే తప్ప డిస్కు ఊపిరి పీల్చుకోలేదు. చివరికి ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలికైన డెస్క్‌టాప్ పెట్టాను, విస్కర్ మెనూతో. ప్యానెల్ అంతా సర్దాక దాని ప్రొఫైల్ సేవ్ చేసి ఉంచాను. ఆయన పొరపాటున ఏది లాగేసినా ఫోన్లోనే చెప్పి వెనక్కి తెప్పిస్తున్నాను.

గోదారిగట్టు:
ప్యానెల్ ఎత్తు 34 పెట్టి ఉంది, 44 చేశాను. ఇప్పుడు స్త్రీ నిండుగా కనిపిస్తోంది, కింద రావత్తు కొస దాకా. కాన్ఫిగ్ కాపీ కూడా తీసుకున్నాను పెన్నాతీరం గారూ. ఇంకొకటి నాకై నేను కనిపెట్టాను: విండోస్ మీటతో టీ నొక్కితే స్క్రీన్‌ని గడులుగా విభజించుకోవచ్చు. షిఫ్ట్ పట్టుకుని విండోని లాగితే గడిలో కూర్చుంటుంది. ఎడమవైపు పాఠ్యపుస్తకం పీడీఎఫ్, కుడివైపు ప్రశ్నపత్రం పెట్టుకుని తొమ్మిదో తరగతి యూనిట్ టెస్టు ఇప్పుడే పూర్తి చేశాను. నల్లమల గారూ, ఇన్‌స్క్రిప్ట్ మీటల పటం ప్రింటు తీసి మానిటర్ పక్కన అంటించాను.