నెలకు 5 వేలతో క్రిప్టో ట్రేడింగ్ మొదలుపెట్టొచ్చా?

కొత్తబిచ్చగాడు: ఉద్యోగం వచ్చి ఏడాదైంది. నెలకు 5 వేలు పెట్టి ట్రేడింగ్ నేర్చుకుందామనుకుంటున్నా. బిట్‌కాయిన్ మొత్తం కొనాలా, ముక్క కొనొచ్చా?

చార్ట్‌చారి: ముక్క కొనొచ్చు తమ్ముడూ. ఒక బిట్‌కాయిన్ అంటే పది కోట్ల సతోషీలు. లిమిట్ ఆర్డర్ పెట్టడం నేర్చుకో, నువ్వు అనుకున్న ధరకు వస్తేనే కొంటుంది. ఫ్యూచర్స్ జోలికి పోకు, అది కాయిన్ కొనకుండా దాని ధర మీద కాసే పందెం. పదింతల లీవరేజ్ మీద, అంటే నీ డబ్బుకు పదింతల బేరం ఆడినప్పుడు, ధర 10 శాతం ఎదురు తిరిగితే చాలు, పెట్టిందంతా ఊడ్చుకుపోతుంది.

గోదారిగట్టు: పన్ను సంగతి ఎత్తకుండా లిమిట్ ఆర్డర్ నేర్పుతారేంటి చారి గారూ? 2022 ఏప్రిల్ నుంచి లాభం మీద 30 శాతం, పైన సెస్. ఒక కాయిన్‌లో 10 వేలు లాభం, ఇంకోదాంట్లో 8 వేలు నష్టం అనుకోండి. మిగిలింది రెండు వేలే. పన్ను మాత్రం 10 వేల మీద, 3,120. ఎదురు 1,120 చేతి నుంచి పడుతుంది. ఆ నష్టాన్ని వచ్చే ఏడాది లాభంలోనూ చూపించుకోలేరు. అమ్మినప్పుడల్లా 1 శాతం టీడీఎస్ ఒకటి, ముందే కోసుకునే పన్ను.

చార్ట్‌చారి: టీడీఎస్ పోయే డబ్బు కాదు. కట్టాల్సిన పన్నులో తగ్గుతుంది, ఎక్కువైతే రీఫండ్ వస్తుంది.

గోదారిగట్టు: ఎప్పటికి? 10 వేలు ఇరవైసార్లు తిప్పితే 1,800 దాకా అందులోనే ఇరుక్కుంటాయి.

చార్ట్‌చారి: ఇరుక్కోవడం వేరు, పోవడం వేరు. మాట సరిగ్గా వాడండి.

పప్పుచారు: మీ టీడీఎస్ గోలకి అడిగినవాడు పారిపోయాడు 😀

నల్లరేగడి: ముందు పీ2పీ గురించి, అదే మనిషికి మనిషి నేరుగా అమ్ముకోవడం గురించి చెప్పండయ్యా. నేను యూఎస్‌డీటీ (డాలర్ విలువకు కట్టిన క్రిప్టో కాయిన్) అమ్మితే ముక్కూమొహం తెలియనివాడెవడో డబ్బు వేశాడు. మూడు వారాలకు ఏటీఎంలో కార్డు పెడితే పైసా రాలేదు. అది ఏదో మోసం కేసు డబ్బట, వేరే రాష్ట్రం పోలీసులు అకౌంట్ ఆపించారు. ఆ నెల ఇంటద్దెకు మా బావమరిది ముందు చెయ్యి చాచాను.

చార్ట్‌చారి: పీ2పీ చెయ్యమని నేనెక్కడన్నాను?

గోదారిగట్టు: వద్దని కూడా అనలేదుగా.

చార్ట్‌చారి: మీ చెయ్యి కాలిందని ఊరంతా పొయ్యి మానేయాలా?

గోదారిగట్టు: కాలింది నాకు కాదు, మా తమ్ముడికి. 2021 నవంబర్‌లో, బిట్‌కాయిన్ 69 వేల డాలర్ల దగ్గర ఉన్నప్పుడు కొన్నాడు. పక్కన కూర్చుని ఆర్డర్ పెట్టించింది నేనే. ఏడాదికి 16 వేలకు పడితే భయపడి అమ్మేశాడు. సంక్రాంతికి వచ్చినా నాతో మాట్లాడడు. మీరు నేర్పడం అంటున్నారు, మా తమ్ముడికి మాత్రం నేను నేర్పింది, అన్నయ్య ఇచ్చే భరోసాలా వినపడింది.

చార్ట్‌చారి: మనం చెప్పకపోతే టెలిగ్రామ్‌లో ఎవడో టిప్స్ అమ్మేవాడు చెప్తాడు. అది నయమా?

కొత్తబిచ్చగాడు: పారిపోలేదు, చదువుతున్నా. 5 వేలని అబద్ధం చెప్పాను. 2 లక్షల పర్సనల్ లోన్ అప్రూవ్ అయింది, ఇంకా తీసుకోలేదు. ఆఫర్ రేపటితో అయిపోతుంది.

చార్ట్‌చారి: అయిపోనీ.