బ్రిటన్‌లో పోలీసు పర్యవేక్షణ సంస్థలు, జాతి సమానత్వ చట్టం

ప్రశ్న: బ్రిటన్‌లో న్యాయశాస్త్రం చదువుతున్న మా అమ్మాయి తరఫున అడుగుతున్నాను. పోలీసులపై ఫిర్యాదులను విచారించే సంస్థలకు కూడా జాతి సమానత్వ చట్టం వర్తిస్తుందా? వర్తిస్తే, ఆచరణలో అవి ఏమి చేయాలి?

జవాబు 1: వర్తిస్తుందండీ. 1993లో హత్యకు గురైన నల్లజాతి యువకుడు స్టీఫెన్ లారెన్స్ కేసు దర్యాప్తును పరిశీలించిన మాక్‌ఫర్సన్ విచారణ, లండన్ పోలీసు వ్యవస్థలో సంస్థాగత జాతివివక్ష ఉందని 1999లో తేల్చింది. ఆ తర్వాత జాతి సంబంధాల చట్టానికి వచ్చిన 2000 నాటి సవరణ చట్టం, వివక్ష చూపకుండా ఉండటంతో సరిపెట్టుకోక, సమానత్వాన్ని పెంపొందించే బాధ్యతను కూడా ప్రభుత్వ సంస్థలపై పెట్టింది. ఇప్పుడది 2010 సమానత్వ చట్టం 149వ సెక్షన్‌లో ఉంది.

జవాబు 2: పై వివరణ సరైనదే కానీ, ఆ సెక్షన్ కోరేది ‘తగిన శ్రద్ధ’ (నిర్ణయాలు తీసుకునేటప్పుడు సమానత్వాన్ని నిజంగా దృష్టిలో ఉంచుకోవడం) మాత్రమే, నిర్దిష్ట ఫలితం కాదు, చిక్కంతా అక్కడే ఉందని నా అభిప్రాయం. ఇంగ్లండ్, వేల్స్‌లలో పోలీసులపై ఫిర్యాదులను చూసే స్వతంత్ర సంస్థ ఐఓపీసీ (2018లో పాత సంస్థ ఐపీసీసీ స్థానంలో వచ్చింది) విషయానికొస్తే, వివక్ష ఆరోపణ వచ్చినప్పుడు అధికారి ఫలానా మాట అన్నాడా లేదా అన్నదానితో ఆగకుండా, అతనిపై గతంలో వచ్చిన ఫిర్యాదుల తీరును, అదే పరిస్థితిలో ఇతర జాతులవారితో అతను ప్రవర్తించిన తీరును పోల్చి చూడటం దర్యాప్తులో కీలకం. (కాగితం మీద ఇది సులువే.)

జవాబు 3: ఒక చిన్న చేర్పు. ఈ బాధ్యతను విస్మరించారని నష్టపరిహార దావా వేయడం కుదరదు. ప్రధాన మార్గం హైకోర్టులో న్యాయసమీక్ష కోరడమే, అంటే ఆ సంస్థ నిర్ణయం చట్టబద్ధమేనా అని పరిశీలించమని కోర్టును అడగడమే.